డాక్టరు చదివిన అమ్మాయి హాస్య కథలు రాస్తానంటోంది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరితోట అమ్మి అమ్మాయిని ఎంబీబీఎస్ చదివించాం. రెండేళ్లుగా డ్యూటీ డాక్టరుగా చేస్తోంది. ఇప్పుడు మానేసి హాస్య కథలు రాసుకుంటానంటోంది. చదువంతా గోదాట్లో కలిపినట్టేనా?

జవాబు: తోట అమ్మిన తండ్రిగా మీ బాధ నాకు అర్థమైందండీ. ముందు ఒక సంగతి తేల్చుకోండి. అమ్మాయికి రాయాలని ఉందా, నైట్ డ్యూటీలతో అలిసిపోయిందా? "ఇప్పటిదాకా రాసినవి చదివి వినిపించమ్మా" అని అడగండి. పది కథలు బయటికి తీస్తే ఆ కోరిక నిజమైనదే. ఒక్కటీ లేకపోతే ఆమెకు కావాల్సింది విశ్రాంతి, లేదా వేరే ఆస్పత్రి.

ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉన్నారు. ఇంగ్లండులో రిచర్డ్ గోర్డన్ ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టరు. 1952లో ప్రాక్టీసు మానేసి, ఆస్పత్రి జీవితం మీద హాస్య నవలలు రాస్తూ స్థిరపడ్డారు. రష్యాలో చెహోవ్ వైద్యం చదువుతూనే, ఇల్లు గడవడానికి పత్రికలకు హాస్య కథలు రాశారు. 1884లో డాక్టరయ్యాక రెండూ సాగించారు. 1892లో కలరా వచ్చినప్పుడు పల్లెల్లో వైద్యం చేశారు. మీ అమ్మాయికి నేను చెహోవ్ దారే చెబుతాను.

ఎందుకంటే తెలుగులో కథల పారితోషికంతో ఇల్లు నడవదు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారు కూడా పత్రికలో ఉద్యోగం చేశారు, తర్వాత సినిమాలకు రాశారు. హాస్య రచయిత భమిడిపాటి కామేశ్వరరావు గారు రాజమండ్రిలో బడిపంతులుగా చేశారు. హాస్యం పండడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ అన్నం పెట్టే పని పక్కన ఉండాలి. టెన్షన్‌తో నవ్వించే రాత రాదు.

అందుకే పూర్తిగా మానొద్దని చెప్పండి. నైట్ డ్యూటీలు వదిలేసి, ఏదైనా క్లినిక్‌లో ఒంటిపూట ఓపీ చూడనివ్వండి. మిగతా పూట రాసుకుంటుంది. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెల్లకుండా పోనివ్వకండి. రెన్యువల్ తేదీ ఇప్పుడే రాసిపెట్టుకోమనండి. అది చేతిలో ఉంటే ఏ వయసులోనైనా తిరిగి రావచ్చు. ఏడాది గడిచాక, అచ్చయినవి ముందు పెట్టుకుని ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోండి.

ఇంకో మాట, ఇది అమ్మాయికి చదివి వినిపించండి. రోగి చెప్పుకున్న రహస్యం బయటపెట్టకూడదని 2002 నాటి వైద్య వృత్తి నియమాల్లో స్పష్టంగా ఉంది. కోనసీమలో పేరు మారిస్తే సరిపోదు. ఊరు, జబ్బు, ఇంటి గుమ్మం దగ్గరి గేదె చెబితే చాలు, ఫలానా ఆయనేనని పోల్చేస్తారు. నమ్మి ఒళ్లు చూపించుకున్న మనిషి నలుగురిలో నవ్వులపాలు కాకూడదు. ఇద్దరు ముగ్గురిని కలిపి కొత్త మనిషిని కల్పించుకోవాలి. లేదంటే డాక్టర్లనే పాత్రలు చేసుకోవాలి.

పుస్తకం వేస్తామని ఎవరైనా వస్తే, హక్కులు ఎన్నేళ్లకు ఇస్తున్నదీ కాగితం మీద రాయించుకోవాలి. సంతకానికి ముందు ఆ కాగితం నాకు పంపినా చూసి చెబుతాను.