లాంగ్టన్ లూప్ ఎందుకు చెదిరిపోతోంది?

ప్రశ్న: తన నకలు తానే తీసుకునే లాంగ్టన్ లూప్‌ను (1984) పైథాన్‌లో రాశాను. గడుల గ్రిడ్‌లో ఒక్కో గడి తన అంకెనూ పక్క నాలుగు గడుల అంకెలనూ చూసి, నియమం ప్రకారం ప్రతి తరానికీ మారే బొమ్మ అది. 219 నియమాలూ ఎక్కించాను. కాస్త నడిచి ఆకారం చెదిరిపోతోంది. తప్పెక్కడ?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: చాలామటుకు రెండు చోట్లే దెబ్బతింటుంది. ఒకటి, చదివే గ్రిడ్‌లోనే రాయడం. గడులన్నీ ఒకేసారి మారాలి. పాత గ్రిడ్‌ను చదివి, ఫలితాన్ని వేరే గ్రిడ్‌లో రాయండి.

రెండోది, మీ విషయంలో ఇదే అయుంటుంది: నియమాలు ఒక్క దిక్కుకే రాసి ఉంటాయి. ఒక్కోటి ఆరంకెలు: నడిమి గడి, పైన, కుడి, కింద, ఎడమ, ఫలితం. నడిమి అంకెనూ ఫలితాన్నీ కదపకుండా మిగతా నాలుగింటినీ తిప్పుతూ నాలుగు రూపాలూ ఎక్కించాలి. అద్దంలో బొమ్మలా మాత్రం తిరగెయ్యొద్దు, ఈ లూప్ ఎడమకే మలుగుతుంది.

ఒక్కో గడికి 8 స్థితులు (0 నుంచి 7 దాకా అంకెలు), చూడాల్సినవి 5 గడులు కాబట్టి 32,768 అరల పట్టిక చాలు. ముందు అంతా -1తో (అంటే నియమం లేదని గుర్తు) నింపండి. ఒకే అరలోకి రెండు వేర్వేరు ఫలితాలు వచ్చాయంటే ఎక్కడో అంకె తప్పు కొట్టారు. నడుస్తుండగా -1 తగిలితే సున్నా అనుకుని పోనివ్వకండి. అక్కడే ఆపి, ఎన్నో తరమో, ఏ గడో ప్రింట్ చేయించండి.

మొదటి బొమ్మలో సున్నా కాని గడులు 86 ఉన్నాయా లెక్కపెట్టుకోండి. లూప్‌లో తిరిగే 7-0 సంకేతాలు (పక్కపక్కనే ఉన్న 7, 0 జంటలు) ఆరు, ఒక్కోటీ లూప్ బయటికి చాచే చేయిని ఒక గడి సాగదీస్తుంది. 4-0లు రెండూ కలిసి మలుపు తిప్పుతాయి. 151 తరాలకు పిల్ల లూప్ తయారవ్వాలి. తర్వాత ఇరుకున పడ్డ లూపుల్లో సంకేతాలు చెరిగి వాటి చుట్టూ ఉండే ఉత్త తొడుగే మిగిలితే కంగారు పడకండి, అది నియమాల్లో ఉన్నదే.