ఏరు ఎండింది సరే, నీళ్లెటు పోయాయి?

గోస్తనీ ఏరు ఎండిపోవడం మీద, విశాఖ నగరం నీళ్ల మీద ఈసారి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఎప్పుడూ రాలేదు. అన్నీ వేయాలంటే పత్రిక మొత్తం చాలదు. ఒకే సంగతి అడిగినవాళ్లను కలిపేశాను. మరీ తిట్లు ఉన్నచోట తిట్లు తీసేసి ప్రశ్న మాత్రం ఉంచాను. తిట్లలో కొన్ని నాక్కూడా ఉన్నాయి, ఫర్వాలేదు.

మాది ఏటి ఒడ్డు ఊరు. నా చిన్నప్పుడు వేసంగిలో కూడా ఇసుకలో చెలమ తీస్తే మోచెయ్యి లోతులోనే నీళ్లు ఊరేవి. ఇప్పుడు సంక్రాంతి దాటీ దాటకముందే ఏరు ఇసుకతేలిపోతోంది. వానలు లేవా అంటే చేలు మునిగేంత వానలు చూశాం. ఆ నీళ్లన్నీ ఏమవుతున్నాయి బాబూ?
*– ఒక రైతు, పద్మనాభం*

అసలు ప్రశ్న మీదే, అందుకే ముందు పెట్టాను. వాన పడినరోజు ఏట్లో పారేది వరద. అది ఒకటి రెండు రోజుల్లో భీమిలి దగ్గర సముద్రంలో కలిసిపోతుంది. వాన వెళ్లిపోయిన మూడు నెలలకు కూడా ఏట్లో నీరు పారుతోందంటే అది వాననీరు కాదు, ఊట. కొండ తాగి దాచుకున్నది కొంచెం కొంచెం వదలాలి, ఏటి ఇసుక పట్టి ఉంచుకున్నది మెల్లగా కిందికి జారాలి. ఈ రెండూ దెబ్బతింటే ఎంత వాన పడ్డా ఏరు మార్చి నాటికి రోడ్డులాగే ఉంటుంది.

గోస్తనీ పుట్టేది అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల కిందుగా వచ్చి, తాటిపూడి దగ్గర జలాశయంలో ఆగి, అక్కణ్నుంచి మీ ఊళ్ల మీదుగా భీమిలికి వస్తుంది. మొత్తం కలిపి 120 కిలోమీటర్లు కూడా గట్టిగా ఉండదు. గోదావరికి అయితే ఒకచోట వాన లేకపోతే ఇంకోచోట నుంచి వస్తుంది, ఇంత చిన్న ఏటికి ఆ వెసులుబాటు లేదు. తాటిపూడి 1960లలో కట్టారు. అక్కడి నీళ్లు కొంత కాలవలోకి, కొంత పైపులో విశాఖకు పోతాయి. ఏటికి ఏం వదులుతున్నారు? జలాశయం నిండి గేట్లు ఎత్తినప్పుడు వచ్చేదే. ఏటికంటూ ఇంత వాటా అని లెక్క కట్టి వదిలే అలవాటు మన దగ్గర లేదు. ఏరు అర్జీ పెట్టుకోదు కదా.

ఇక ఇసుక. ఒక ట్రాక్టరు లోడు అంటే మూడు ఘనమీటర్లు అనుకోండి. ఏటి ఇసుకలో గింజకీ గింజకీ మధ్య ఉన్న సందుల్లో నిలిచి మెల్లగా ఊటగా వచ్చే నీరు అయిదో వంతు దాకా ఉంటుంది. అంటే లోడుకు ఆరు వందల లీటర్లు. లోడు వెళ్లిపోయిందంటే ఆ ఆరు వందల లీటర్లు దాచే చోటు కూడా వెళ్లిపోయింది, ఈ ఏడాదికే కాదు, మళ్లీ ఇసుక మేట వేసేదాకా. పైన ఆనకట్ట ఉన్న ఏట్లో కొత్త ఇసుక అంత తొందరగా దిగదు. పోయిన వేసవిలో ఒక రేవు దగ్గర దిగి చూశాను. చక్రాల గాడి పక్కన నడుంలోతు గొయ్యి, అడుగున ఇసుక అయిపోయి నల్లటి బంకమట్టి తేలింది. అరచెయ్యంత తడి ఉంది, దాని చుట్టూ మేకల డెక్కల గుర్తులు. మీరు మోచెయ్యి లోతు అన్నారు, అక్కడ నడుంలోతుకి వెళ్లినా చెలమ ఊరదు, ఊరడానికి ఇసుకంటూ ఉండాలిగా.

ఒడ్డున ఉన్న బోర్లు మిగతా పని చేస్తున్నాయి. పాతికేళ్ల కిందట నుయ్యి ఉన్న రైతు ఇవాళ రెండు బోర్లతో ఉన్నాడు. ఏరు భూమిలోకి ఇంకుతోందే తప్ప భూమి ఏటిలోకి ఊరడం లేదు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదండీ, కాలవలో నీళ్లు రానప్పుడు ఎవరైనా బోరే వేస్తారు.

ఉచిత ఇసుక అని ప్రభుత్వమే చెప్పింది కదా, మరి ట్రాక్టరు ఆపితే తప్పెవరిది?
*– ఒక పాఠకుడు, ఆనందపురం*

ఉచితం అంటే ధర లేదని అర్థం, ఎక్కడ పడితే అక్కడ తవ్వుకోమని కాదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం వంతెనలు, ఆనకట్టలు, తాగునీటికీ సాగుకీ వాడే బావులు, వీటికి 500 మీటర్లలోపు ఇసుక తియ్యకూడదు. మీ ఊరి ఊటబావి దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లండి, దాదాపు ఏడు వందల అడుగులు పడతాయి మామూలు మనిషికి. ఆలోపు ట్రాక్టరు కనిపిస్తే ఆపిన మనిషి తప్పు ఏమీ లేదు.

కొత్తగా ఫ్లాట్ కొనుక్కున్నాం. కుళాయి రోజు విడిచి రోజు, అదీ గంట కూడా రాదు. ట్యాంకర్లకే నెల నెలా మెయింటెనెన్స్ పెరిగిపోతోంది. ఎక్కడో ఏరు ఎండితే మాకెందుకు ఈ టెన్షన్?
*– ఒక గృహిణి, మధురవాడ*

అమ్మా, ఆ ఎక్కడో ఏరే మీ కుళాయి. విశాఖ తాగేది తాటిపూడి నీళ్లు, అంటే గోస్తనీ. రైవాడ జలాశయం నీళ్లు, అంటే శారదా నది. మేఘాద్రి గెడ్డ (గెడ్డ అంటే వాగు) ఉంది, ముడసర్లోవ ఉంది, గంభీరం గెడ్డ ఉంది. ఇవి చాలక కాకినాడ జిల్లా ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్ల పైచిలుకు కాలవలో వస్తుంది, దాన్ని ప్రధానంగా స్టీల్ ప్లాంటు కోసం తవ్వారు. ఏలేరులో తగ్గితే గోదావరి నుంచి ఎత్తిపోస్తున్నారు. సముద్రం పక్కన ఇంత పెద్ద ఊరు, సొంత నీళ్లంటే చెప్పుకోడానికి గెడ్డలే. మిగతావన్నీ పక్క జిల్లాల పుణ్యం.

ట్యాంకర్ సంగతి అడిగారు కనక చెబుతున్నా. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే ట్యాంకరు డ్రైవర్ని ఒకసారి ఏ ఊరి నీళ్లని అడిగాను. "మంచి నీళ్లే సార్" అన్నాడు. ఏ ఊరివయ్యా అంటే మళ్లీ "మంచి నీళ్లే సార్". కూతవేటు దూరంలో ఏ చేలోనో ఉన్న బోరు నుంచే వస్తాయి. ఆ చేనుకి ఏటి నుంచి ఊట వస్తుంది, ఆ ఏరు ఎండితే ట్యాంకరు ఇంకాస్త దూరం వెళ్తుంది, మీ మెయింటెనెన్స్ ఇంకాస్త పెరుగుతుంది.

రైవాడ కట్టింది మా పొలాల కోసం. నీళ్లు తాగేది విశాఖ. ప్రతి ఎన్నికలకీ రైవాడ నీళ్లు రైతులకే అంటారు, తర్వాత ఎవరూ కనపడరు. మీరు కూడా నగరంవారే కదా, ఏమంటారు?
*– దేవరాపల్లి నుంచి కొందరు రైతులు*

నగరంవాణ్నే, మీ నీళ్లే తాగుతున్నాను, దాచేదేముంది. జాతీయ జలవిధానం కూడా తాగునీటికే ముందు చోటు ఇచ్చింది, కాబట్టి ఒక్కరోజులో పైపు కట్టేయండి అని నేను అనలేను. కానీ తాగునీరు అన్న మాట అడ్డం పెట్టి ఫ్యాక్టరీలకీ, తోటలకీ, కారు కడుక్కోడానికీ వెళ్లే నీళ్లని కూడా అదే ఖాతాలో రాసేయడం అన్యాయం. నగరం ముందు తన పైపుల్లో కారిపోయేది ఎంతో చెప్పాలి. మురుగు శుద్ధి చేసి ఫ్యాక్టరీలకి ఇవ్వాలి. మేఘాద్రి గెడ్డలోకి చుట్టుపక్కల కాలనీల మురుగు దిగకుండా చూసుకోవాలి. ఇంట్లో ఉన్న చెరువు పాడుచేసుకుని పక్కింటి బావి మీద పడ్డట్టుంది మా వ్యవహారం.

పేపర్లో టీఎంసీలు, ఎంజీడీలు అని రాస్తారు, ఒక్క ముక్కా అర్థం కాదు. కాస్త చెప్తారా?
*– డిగ్రీ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ*

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లీటర్లలో సుమారు 2,830 కోట్లు. మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని పట్టణాలకి లెక్క. నగరంలో 20 లక్షల మంది అనుకుంటే రోజుకు 27 కోట్ల లీటర్లు. భాగించి చూడు తల్లీ, ఒక టీఎంసీ నూరు రోజుల పైనే వస్తుంది. అలా కాగితం మీద. ఎండకి ఆవిరయ్యేది, పైపుల్లో కారేది, జలాశయం అడుగున బురదలో ఉండిపోయేది ఇందులో లేవు. ఎంజీడీ అంటే రోజుకు పది లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు 45 లక్షల లీటర్లు. ఈసారి పేపర్లో ఎవరైనా "ఇన్ని టీఎంసీలు ఉన్నాయి, ఢోకా లేదు" అంటే ముందు ఎన్ని రోజులకో లెక్కేసుకో.

మా నుయ్యి నీళ్లు ఉప్పగా మారుతున్నాయి. పప్పు ఉడకడం లేదు. ఏటి ముఖద్వారానికి దగ్గరలోనే ఉంటాం.
*– భీమిలి*

తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, నూనె నీళ్ల మీద ఉన్నట్టు. సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచినీరు ఉంటే దాని కింద నలభై అడుగుల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. తిరగేసి చూడండి, పైన అడుగు తోడేస్తే కింద ఉప్పు నలభై అడుగులు పైకి లేవగలదు. ఏట్లో నీరు సముద్రం వైపు తోసుకుంటూ ఉన్నంతకాలం ఉప్పు లోపలికి రాదు. ఏరు ఎండినప్పుడు పోటు నీరే ఎదురొస్తుంది. బోరు లోతు చేయించకండి, ఉప్పుని పిలిచి పీట వేసినట్టే. వాననీటిని నూతిలోకి దింపే ఏర్పాటు చేసుకోండి, అక్టోబరులో మనకి బాగానే పడుతుంది.

పోలవరం పూర్తయితే ఇవన్నీ తీరిపోతాయి కదా? ఇప్పుడెందుకు గోల?
*– గాజువాక*

పోలవరంలో విశాఖ తాగునీటికీ పరిశ్రమలకీ 23.44 టీఎంసీలు అన్నారు, నిజమే. ఎడమ కాలవ 180 కిలోమీటర్లకు పైనే, నీళ్లు వచ్చినరోజు సంతోషిద్దాం. కానీ అవి పద్మనాభం ఇసుకలో ఊట తెప్పించవు, భీమిలి నూతిలో ఉప్పు దించవు. వాటి పని నగరం ట్యాంకులు నింపడం. అవి వచ్చాకైనా తాటిపూడి, రైవాడల్లో నగరం వాటా తగ్గించి ఏటికీ పొలాలకీ వదులుతామని ఎవరూ గట్టిగా చెప్పడం లేదు, నేను గోల చేసేది దాని గురించి.

పైన కొండల్లో ఏం జరుగుతోందో కూడా చూడాలి. బొర్రా దగ్గర కాల్సైట్ తవ్వకాల మీద గిరిజనుల తరఫున సమతా అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1997లో సమతా తీర్పు వచ్చింది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదన్నారు. ఆ తీర్పు భూమి గురించే అనుకుంటాం గానీ గోస్తనీ పుట్టిన కొండని కూడా అదే కాపాడింది. ఇప్పుడు అనంతగిరిలో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు (నీళ్లని పైకి తోడి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసేవి) అంటున్నారు, గిరిజనులు మళ్లీ వద్దంటున్నారు. వాళ్ల మాట నగరానికి వినపడటం లేదు.

ఇవన్నీ సరే, నాలాంటివాడు చెయ్యగలిగింది ఏదైనా ఒక్కటి చెప్పండి. ధర్నాలకి ఓపిక లేదు.
*– రిటైర్డ్ ఉద్యోగి, సీతమ్మధార*

పది రూపాయల పని చెప్తాను. సమాచార హక్కు చట్టం కింద జలవనరుల శాఖ అధికారికి దరఖాస్తు పెట్టండి. తాటిపూడిలో జనవరి నుంచి జూన్ దాకా రోజూ నీటిమట్టం ఎంత, వచ్చిన నీరు ఎంత, కాలవకి ఎంత, నగరానికి ఎంత, కిందికి ఏట్లోకి ఎంత వదిలారు. ఈ చివరిది మాత్రం విడిగా అడగండి, కలిపి అడిగితే కలిపేసి చెప్తారు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు, అదే ఆఫీసులో పై అధికారికి, దానికి రుసుము లేదు. సోమవారాలు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ఆ నకలు ఒకటి అక్కడా ఇచ్చి రసీదు తెచ్చుకోండి. మీ సర్వీసులో ఇలాంటి కాగితాలు ఎన్నో చూసి ఉంటారు, ఎక్కడ తప్పించుకుంటారో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ చివరి గడిలో సున్నా రాసి పంపినా, గడే ఖాళీగా వదిలేసినా, ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపండి. ఇదే పేజీలో వేస్తాను.