సోషల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ పాఠం లెక్కతో మొదలుపెట్టండి

ఎంబీఏ విద్యార్థులకు సోషల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ (సమాజానికి పనికొచ్చే పనిని సొంత ఆదాయంతో నిలబడేలా నడపడం) ఎలక్టివ్ చెప్పే పని మీకు అప్పగించారని, పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి, ప్రాజెక్టులు పరిశోధనకు పనికొచ్చేలా ఎలా నడపాలి అని అడిగారు. పాఠం చెప్పిన అనుభవంతో, పనికొచ్చినవే రాస్తున్నాను.

నిర్వచనాలకు ఒక్క క్లాసు చాలు. వ్యవస్థాపకుల జీవితగాథలతో మాత్రం మొదలుపెట్టకండి. పిల్లలు చప్పట్లు కొడతారు గానీ, ఆ సంస్థ ఈ నెల జీతాలు ఎక్కణ్నుంచి ఇస్తోందంటే చెప్పలేరు.

మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రిని తీసుకోండి. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి 11 పడకలతో ప్రారంభించారు. డబ్బు కట్టేవాళ్ల మీద వచ్చిన ఆదాయంతోనే ఉచిత ఆపరేషన్లు నడుస్తాయని అందరూ అంటారు. అదెలాగో బోర్డు మీద వేయించండి. ఈ అంకెలు నేను వేసుకున్నవి, ఆసుపత్రివి కావు: నెలకు స్థిర ఖర్చు 1,20,000 రూపాయలు, ఒక్కో ఆపరేషన్‌కు లెన్సు, మందులు 800. నెలకు 100 చేస్తే ఒక్కోటి 2,000 పడుతుంది. 60 ఉచితమైతే మిగతా 40 మంది తలా 5,000 కట్టాలి. అదే సిబ్బందితో 200 చేస్తే ఒక్కోటి 1,400కి దిగుతుంది, కట్టే 80 మందికి 3,500తో సరిపోతుంది. డాక్టరు ఒక బల్ల మీద పని ముగించేసరికి పక్క బల్ల మీద తర్వాతి రోగిని ఎందుకు సిద్ధంగా ఉంచుతారో అప్పుడు తలకెక్కుతుంది. 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు సొంతంగా తయారుచేసుకోవడంతో ఆ 800 లాంటి ఖర్చూ తగ్గింది.

ఓడిపోయిన కథ కూడా చెప్పాలి. మనకు దగ్గరిది 2010 మైక్రోఫైనాన్స్ (పేదలకిచ్చే చిన్న అప్పుల) సంక్షోభం. ఆగస్టులో ఇలాంటి అప్పులిచ్చే ఎస్‌కేఎస్ కంపెనీ షేర్లు మార్కెట్లో లిస్టయ్యాయి, అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, ఆ వెంటే అప్పుల వసూళ్లు కుప్పకూలాయి. ఎవరు మంచి, ఎవరు చెడు అన్న చర్చకు దిగే ముందు ఒక లెక్క ఇవ్వండి: 10,000 అప్పు, వారానికి 230 చొప్పున 50 వారాలు. పైకి 15 శాతం వడ్డీలా కనిపిస్తుంది. అసలు తగ్గుతూ వస్తోంది కాబట్టి నిజంగా పడేది ఏడాదికి 29 శాతం దాకా. ఒకే ఇంట్లో ఇలాంటివి మూడుంటే వారానికి 690. కూలి దొరకని వారం సంగతేమిటో వాళ్లనే రాయమనండి.

ఇక ఫీల్డు. పాల సేకరణ కేంద్రాన్ని మించిన చోటు నాకు తెలియదు. ములుకనూరు మహిళా డెయిరీ లాంటి సహకార సంఘమైతే మరీ మంచిది. తెల్లారి ఆరు లోపే అక్కడుండాలి. అనుమతి తీసుకుని, పాలు పోసినవాళ్లకిచ్చే చీటీలు 20 చూసి, వాటిలోని కొవ్వు శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాకుండా ఉండే ఘనపదార్థాల శాతం), లీటరు ధర రాసుకోమనండి. కొవ్వు ఒకేలా ఉన్నా ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గితే ధర తగ్గుతుంది. సగటు ధర ఒక్కటే పట్టుకున్నవాళ్లకు ఈ తేడా కనిపించదు. ఆవు పాలు, గేదె పాలు ఒకే కాలమ్‌లో కలిపేస్తే లెక్కంతా పాడే. ఆ తర్వాత ఒక్క లీటరును వెంబడించాలి: రైతుకెంత, కేంద్రానికెంత, చల్లబరచడానికి, రవాణాకు, ప్యాకింగ్‌కు, దుకాణదారుకు ఎంత. ఇంటి మనిషి కష్టం, సొంత పొలం గడ్డి ఖర్చులో వేయడం దాదాపు అందరూ మరిచిపోతారు, అందుకే లాభం ఉబ్బిపోయి కనిపిస్తుంది. చలికాలంలో ఒకసారి, గేదెలు వట్టిపోయే ఎండాకాలంలో ఒకసారి వెళ్లకపోతే ఆ లెక్కను ఏడాది మొత్తానికి చెప్పలేం.

ప్రశ్నాపత్రంలో “డెయిరీ వల్ల మీకు మేలు జరిగిందా?” అని ఉంటే కొట్టేయండి. సంఘం అధ్యక్షురాలు పక్కనే నిలబడితే కాదనేవాళ్లు ఎవరూ ఉండరు. “పోయిన బిల్లు ఏ తారీఖున పడింది? అందులో కోత ఎంత? నిన్న ఇంటికి ఎన్ని పాలు ఉంచుకున్నారు?” అని అడగాలి, అదీ వాళ్ల ఇంటి దగ్గర. అదే ఊళ్లో ప్రైవేటు డెయిరీకి పాలు పోసేవాళ్లను, పాత రిజిస్టర్లో పేరుండి ఇప్పుడు పోయడం మానేసినవాళ్లను కూడా కలవాలి. మానేసినవాళ్లను వదిలేయడమే ఈ రకం పరిశోధనలో పెద్ద లోపం. మిగిలినవాళ్లనే చూసి సంస్థ బ్రహ్మాండమని రాసేస్తారు. “500 మందికి శిక్షణ ఇచ్చాం” అన్నది చేసిన పని మాత్రమే, ఫలితం కాదు. ఫలితం చీటీలో, బిల్లులో కనబడాలి.

ఇలాంటి సంస్థల చట్టరూపాలు ఒక పూటలో అయిపోతాయి. మిగులు ఎవరిదన్నదే అసలు ప్రశ్న. సెక్షన్ 8 కంపెనీ (కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేకుండా పెట్టేది) డివిడెండ్ పంచకూడదు, ఉత్పత్తిదారుల కంపెనీ సభ్యులకు పంచవచ్చు.

నోట్సులో పేర్ల బదులు నంబర్లు వాడమనండి. సంఘం సభ్యులకు రెండు పేజీల తెలుగు రిపోర్టు చదివి వినిపించి, వాళ్లు చెప్పిన తప్పులు దిద్దుకున్నాకే వైవా పెట్టండి.