నీడను ముట్టుకోకుండా చీర రంగు మార్చడం

చిరంజీవి మేనల్లుడికి,

తిరుపతి నుంచి మామ రాస్తున్నాను. రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూశాను. ఫోటోషాప్‌లో పసుపు పట్టుచీరను ముదురు నీలం చేశావు. రంగు బాగానే ఉంది గానీ అక్కడ చీర లేదురా. కుచ్చిళ్ళు చూడు. అసలు ఫోటోలో ఒక్కో కుచ్చు అంచు మెరుస్తోంది, మడత లోపలికి పోయేకొద్దీ ముదిరి దాదాపు గోధుమరంగుకు దిగుతోంది. నీ దాంట్లో కుచ్చిళ్ళన్నీ కలిసి ఒక రేకైపోయాయి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా.

నువ్వేం చేశావో చెప్పనా? ఫోటో పైన నీలం లేయర్, అంటే ఒక పొర పూసి, మోడ్ (పై పొర కిందిదానితో కలిసే తీరు) నార్మల్‌లోనే వదిలి, ఒపాసిటీ (పై పొర కిందిదాన్ని కప్పే శాతం) 70కి దించావు. అంటే కింది వెలుగునీడల తేడాలో మిగిలింది 30 శాతం. ఇక మడత ఎక్కడ కనిపిస్తుంది?

నేను పని నేర్చుకునేటప్పుడు నలుపు తెలుపు ఫోటోలకు చేత్తో రంగులేసేవాళ్ళం. పల్చటి నీళ్ళరంగు దూదితో అద్దితే కింద నీడ అలాగే ఉండేది. అదే బోర్డులు రాసే రంగు పూశామో, మొహం గోడ అయిపోయేది. ఫోటోషాప్‌లో బ్లెండ్ మోడ్‌ను ‘కలర్’ అని మారిస్తే అదే ఆ పల్చటి రంగు. వెలుగు కింది ఫోటోది, రంగు నీది. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనైతే ‘హెచ్‌ఎస్‌ఎల్ కలర్’ అని ఉంటుంది. ఒరిజినల్ లేయర్ మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి పెట్టకు.

అయితే ఆ మోడ్ పెట్టగానే నీ నీలం ముదురుగా రాదు. ఉతికి ఉతికి వెలిసిపోయినట్టు వస్తుంది. అప్పుడు నన్ను తిట్టుకోకు. ఫోటోషాప్ కలర్ మోడ్ వెలుగును లెక్కగట్టేటప్పుడు నూటికి ఎరుపుకు 30, ఆకుపచ్చకు 59, నీలానికి 11 పాళ్ళు వేస్తుంది. పసుపంటే ఎరుపూ ఆకుపచ్చా కలిసింది, అంటే 89. నిండు నీలం 11. పసుపు చీర వెలుగును అలాగే ఉంచి నీలం పూస్తే లేతనీలం కాక ఇంకేం వస్తుంది? అందుకని కలర్ లేయర్ కింద అదే మాస్క్‌తో (రంగు చీర దాటి పోకుండా గీసే హద్దు) వెలుగునీడలు సరిచేసే కర్వ్స్ లేయర్ ఒకటి పెట్టి, గీత మధ్యను మెల్లగా కిందికి లాగు. కుచ్చు అంచుకూ లోపలికీ తేడా పోకుండా మొత్తం చీకటి కావాలి. ఇది ఒక్కసారికి రాదు, లాగి చూసి, మళ్ళీ కొంచెం వదులుతూ ఉండాలి.

మాస్క్ దగ్గర బద్ధకించకు. ఒకసారి కొండ మీద జరిగిన పెళ్ళి ఆల్బంలో పెళ్ళికూతురి పసుపు చీరను నీలం చెయ్యమన్నారు. నేను హుషారుగా రంగును తిప్పే హ్యూ/శాచురేషన్‌లో పసుపులన్నీ ఎంచుకుని ఒక్కసారిగా తిప్పేశాను. చీర మారింది. దాంతో పాటు తలంబ్రాలూ పసుపుతాడూ నీలమయ్యాయి. ప్రింటయ్యేదాకా నా కంటికి ఆనలేదు. ఆల్బం తెరవగానే పెళ్ళికూతురి అవ్వ, ‘ఏంది నాయనా, తాళిని నీలిమందులో ముంచినారా?’ అంది. ఆ పేజీలన్నీ నా డబ్బుతో మళ్ళీ వేయించాను. పసుపు చీర మీద జరీ కూడా పసుపే కాబట్టి రంగును బట్టి ఎంచితే అదీ పోతుంది. అంచునూ పల్లునూ పెన్ టూల్‌తో విడిగా గీసుకో. గంట పట్టినా సరే.

పట్టు మెరుపు సంగతి ఇంకొకటి. మడత మీద తళుక్కుమనేది దీపం వెలుగు, అది చీర రంగు కాదు. దానికీ నీలం అంటితే ప్లాస్టిక్‌లా ఉంటుంది. కలర్ లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి, ‘బ్లెండ్ ఇఫ్’లోని రెండు గీతల్లో కిందిదాని మీద తెల్ల త్రికోణాన్ని ఆల్ట్ నొక్కి రెండుగా విడదీసి ఎడమకు జరుపు. మెరుపులు బయటపడతాయి. చుబుకం కిందా మోచేతి లోపలా చీర పసుపు ఛాయ పడి ఉంటుంది, దాన్నీ కాస్త తగ్గించు.

పడుగు ఒక రంగూ పేక ఒక రంగూ ఉన్న చీరకు మాత్రం ఇదంతా పనికిరాదు. ఆ చీర మడత తిరిగిన చోటల్లా రంగు మారుతుంది, దాని అందమే అది. కలర్ మోడ్‌లో ఒకే రంగు పూస్తే రెండోది చచ్చిపోతుంది. అక్కడ హ్యూ గీతను జరుపు, రెండు రంగులూ కలిసే తిరుగుతాయి. కలరైజ్ దగ్గర టిక్ పెట్టావా, మళ్ళీ ఒకటే రంగు.

తెల్ల పంచెకు హ్యూ ఎంత తిప్పినా ఏమీ కాదు, తిప్పడానికి అందులో రంగే లేదు. రంగు లేయర్‌ను మల్టిప్లై మోడ్‌లో వాడు. నల్ల చీరను లేతరంగు చెయ్యమంటే కుదరదని చెప్పు. చీకట్లోంచి పైకి లాగితే గింజలు గింజలుగా వస్తుంది, నీకు చెడ్డపేరు.

షాపువాళ్ళు ఒక్క చీర ఫోటోతో ఏడు రంగులు చూపించమంటారు. చెయ్యి, కానీ ఆ ఏడు రంగుల గుడ్డముక్కలూ తెచ్చివ్వమను. ట్యూబులైటు కింద కాదు, పగటి వెలుతురులో స్క్రీన్ పక్కన పెట్టి చూడు. లేని రంగు చూపించాక పార్సిల్ విప్పి తిట్టేది కొన్నావిడే.

ఆదివారం ఇంటికి రా, నీలం చీర కూర్చుని చేద్దాం. కెమెరా కుదించకుండా దాచిన ‘రా’ (RAW) ఫైలే తెచ్చుకో. వాట్సాప్‌లో వచ్చింది వద్దు. అది ఫోటోను కుదించేటప్పుడు రంగు వివరాన్ని వెలుగు కంటే ఎక్కువ తగ్గిస్తుంది, నువ్వెంత శుభ్రంగా మాస్క్ గీసినా అంచు చుట్టూ పసుపు గీత మిగిలిపోతుంది. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ