ముందు వాళ్ల కాగితాల సంగతి చూడు

చిరంజీవి శ్రావణికి తాతయ్య ఆశీస్సులు.

మాల్దోవా నుంచి విడిపోయిన ట్రాన్స్‌నిస్ట్రియా ప్రాంతాన్ని మళ్లీ కలుపుకునే ప్రయత్నాలపై పనిచేయడానికి ఆ దేశం వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఒంగోలు బజారులో కనిపించినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

స్వెట్టర్లు, మందులు నీకు చెప్పక్కర్లేదు. ట్రాన్స్‌నిస్ట్రియాలోని కొబస్నా ఊరి వైపు మాత్రం వెళ్లకు. సోవియట్ కాలపు మందుగుండు అక్కడ దాదాపు 20,000 టన్నులు ఉందంటారు. చూసొస్తానంటే ఊరుకోను.

1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేసినప్పుడు నేను కొత్త గుమాస్తాను. కర్నూలు నుంచి వచ్చిన ఎర్రగుడ్డ మూటలు విప్పితే చెదలు తిన్న అంచులు ఒళ్లో రాలేవి. తుపాకి పేలలేదు, ఒక్కరూ ఊరు విడవలేదు. అయినా పాత జిల్లా ముద్ర ఉందని ఒక ముసలాయన కాగితాన్ని మా పై అధికారి తోసేశాడు. "నా పొలం కూడా పాతదేనయ్యా, దాన్నీ కొట్టేస్తావా?" అన్నాడాయన.

ఇక, విడిపోయిన నేలను కలుపుకున్న క్రొయేషియా సంగతి. అక్కడి క్రాయినా ప్రాంతంలో సెర్బులు 1991లో వేరు కుంపటి పెట్టారు. 1995 ఆగస్టులో క్రొయేషియా సైన్యం నాలుగు రోజుల్లో ఆ నేలను వెనక్కి తీసుకుంది. లక్షన్నర మందికి పైగా ట్రాక్టర్లెక్కి వెళ్లిపోయారు. ఆ వెంటనే ఒక చట్టం చేశారు: ప్రభుత్వ ఫ్లాట్లలో ఉండేవారు 90 రోజుల్లో తిరిగి రాకపోతే హక్కు పోయినట్టే. ప్రాణభయంతో పారిపోయినవాడు ఏ బస్సెక్కి వస్తాడమ్మా? తాళం వేసిన తలుపుకు మైదా జిగురుతో నోటీసు అంటించి, "గడువు ముగిసింది" అని ఫైలు మూసే పద్ధతి నాకు తెలుసు. కూలికి వలసపోయిన కనిగిరి వాళ్ల గుమ్మాలకు అంటించిన నోటీసులు ఎండకు రంగు వెలిసేదాకా చూశాను. నేల దొరికింది, మనుషులు దొరకలేదు. దాన్ని కలుపుకోవడం అంటారా?

అదే దేశం, సెర్బుల చేతిలోనే ఉన్న తూర్పు స్లవోనియా ప్రాంతాన్ని ఇంకోలా కలుపుకుంది. 1995 నవంబరులో అక్కడి సెర్బులతో ఎర్దుత్ ఒప్పందం, 1998 జనవరి వరకు ఐక్యరాజ్యసమితి పాలన. వేర్పాటు ప్రభుత్వమిచ్చిన పత్రాలను గుర్తించడానికి 1997లో చట్టం కూడా చేశారు. అక్కడినుంచీ చాలామంది వెళ్లిపోయారు, కాదనను. కానీ ఒక్కరాత్రిలో ఊళ్లు ఖాళీ కాలేదు.

నమీబియాలో దక్షిణాఫ్రికా పాలన చెల్లదని 1971లో చెప్పిన అంతర్జాతీయ న్యాయస్థానమే, జనన, మరణ, వివాహ నమోదులను మాత్రం కొట్టేయకూడదంది. నష్టపోయేది జనమే కదా. ఈ ఒక్క మాట నీ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకో. జెండాలు, సైన్యాలు తర్వాత. ఎక్కడైనా "గడువు" అన్నారంటే, ఎవరికి తెలిపారు, ఎలా తెలిపారు అని అడుగు. పెద్దవాళ్లని మొహమాటపడకు, చిన్నప్పుడు నన్ను సతాయించినట్టే సతాయించు.

నువ్వెళ్లే చోట, నీస్టర్ నది అవతలి ఒడ్డున ఉన్న ట్రాన్స్‌నిస్ట్రియా కార్లకు 2018 నుంచి ఏ పక్షానికీ చెందని నంబరు పలకలు ఇస్తున్నారు. తెలివైన పని. పెళ్లి సర్టిఫికెట్లకు ఏం చేస్తున్నారో కనుక్కుని రాయి. ఆఫీసు బయట దళారులు కూర్చుంటారేమో, వాళ్ల రేటెంతో కూడా.

మీ తాతయ్య