పాఠకుల ప్రశ్నలు: తప్పులో ఎవరి పాలెంత?

ప్రశ్న: మాది ఎల్కతుర్తి దగ్గర పల్లె. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పదిహేడేళ్లు నిండి ఎనిమిది నెలలైంది. వడ్ల కోతలప్పుడు ఒకనాడు పొద్దుగూకినాక నా బండి తీసుకొని, దోస్తును వెనక కూర్చోబెట్టుకొని హుజూరాబాద్ రోడ్డెక్కాడు. సగం రోడ్డు మీదికి ఆపి ఉంచిన ట్రాక్టర్ ట్రాలీని వెనక నుంచి గుద్దాడు. ట్రాలీకి వెనక లైటు లేదు, రేడియం లేదు. మావాడికి చెయ్యి విరిగింది, దవడ పగిలింది. వెనక కూర్చున్న పిల్లవాడికి తొడ ఎముక విరిగితే రాడ్డు వేశారు. పోలీసులు అతివేగం, అజాగ్రత్త అని రాశారు. మావాడేమో అరవై దాటలేదని ఒట్టేసి చెబుతున్నాడు. మా వాళ్లందరూ తప్పు ట్రాక్టర్ వాళ్లదేనంటున్నారు. ఆ పిల్లవాడి తండ్రి నా ముఖం చూడడం లేదు. అసలు తప్పు ఎవరిది? నా మీద కేసు అవుతుందా?
– ఒక తండ్రి, హనుమకొండ జిల్లా

జవాబు: మీ అబ్బాయి అరవై దాటలేదన్న మాటను నేను నమ్ముతున్నాను. అది నిజమనుకొనే లెక్క చూద్దాం, ఎందుకంటే మీరు అడిగినదానికి జవాబు ఆ అరవైలోనే ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుట ఏదో ఉందని కంటికి తెలిసి, చెయ్యి బ్రేకు మీద బిగిసేసరికి ఎంత చురుకైన కుర్రవాడికైనా ఇంచుమించు ఆ ఒక్క సెకను పడుతుంది. బ్రేకు పట్టాక పొడి తారు రోడ్డు మీద బండి నిలవడానికి మరో 28 మీటర్లు కావాలి. మొత్తం 45 మీటర్లు. రేడియం లేని, దుమ్ము కొట్టుకుపోయిన ట్రాలీ డిమ్ లైటులో 30 మీటర్ల దూరాన కనిపించిందనుకుందాం. ఆ లెక్కన మీ అబ్బాయి బ్రేకు గట్టిగా పట్టినా సరే, గంటకు 40 కిలోమీటర్లకు పైబడిన వేగంతోనే ట్రాలీని తాకుతాడు. అతను 40లో వచ్చి ఉంటే 23 మీటర్లలో బండి నిలిచేది, ముందు చక్రానికీ ట్రాలీకీ మధ్య ఆరేడు మీటర్ల చోటు మిగిలేది. 80లో వచ్చి ఉంటే బ్రేకు పట్టిన తరువాత కూడా 70 దాటిన వేగంతో గుద్దేవాడు. ఆ పైన ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఈ మూడు లెక్కల్లోనూ ట్రాలీ అదే, చీకటి అదే, ట్రాక్టర్ యజమాని చేసిన తప్పూ అంతే. మారింది వేగం ఒక్కటే. ఎదుటివారి తప్పు మన చేతిలో ఉండదు గానీ, ఆ తప్పు మనల్ని ఉలిక్కిపడేలా చేసి వదిలేస్తుందా, ఎముకలు విరుస్తుందా అన్నది చాలావరకు మన వేగమే తేలుస్తుంది. నాలుగు వరుసలు లేని మామూలు రోడ్ల మీద బైకులకు కేంద్రం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగం 60 కదా అని మీ అబ్బాయి అడగవచ్చు. అది పట్టపగలు ఖాళీ రోడ్డు మీద కూడా దాటకూడని హద్దు. కోతల కాలంలో, పొద్దుగూకినాక, ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్లలో కొడుతుండగా అంత వేగంతో పొమ్మని ఎవరూ ఇచ్చిన అనుమతి కాదు.

అంతమాత్రాన ట్రాక్టర్ యజమాని తప్పించుకోలేడు. ఇతరులకు ప్రమాదం కలిగేలా వాహనాన్ని రోడ్డు మీద వదలడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 122వ సెక్షన్ నిషేధించింది. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు లేకుండా ట్రాలీ రోడ్డెక్కడమే నిబంధనలకు విరుద్ధం. ఎఫ్‌ఐఆర్‌లో రాసిన మాట తీర్పు కాదు. వెనక నుంచి గుద్దినవారిదే తప్పని రాయడం పరిపాటి కాబట్టి అలా రాసి ఉండవచ్చు. చాలా ఏళ్ల కింద నర్సంపేట రోడ్డు మీద జరిగిన ఇలాంటి ప్రమాదం కేసును నేను వాదించాను. పోలీసుల పటంలో ట్రాలీని ఒక డబ్బాగా, బండిని ఒక గీతగా వేసి ఊరుకున్నారు. నాలుగో రోజు నేను వెళ్లి చూస్తే, ట్రాలీ కదలకుండా చక్రాలకు అడ్డం పెట్టిన మూడు బండరాళ్లు తారు అంచుకు రెండడుగులు లోపల, రోడ్డు మీదే, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒకదాని మీద టైరు నల్లగా అంటుకొని ఉంది. ట్రాలీ రోడ్డును ఎంతవరకు ఆక్రమించిందో ఆ రాళ్ల ఫొటోలే చెప్పాయి, ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ తప్పును ఇద్దరికీ పంచింది. మీరూ ఆ చోటికి వెళ్లి, ఏ గుర్తులు మిగిలి ఉన్నా ఫొటోలు తీయించండి. ఆ సాయంత్రం ట్రాలీని చూసినవాళ్ల మాట దర్యాప్తు అధికారి దగ్గర నమోదు చేయించండి.

ఇక మీ సంగతి. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అబ్బాయి బండి తీసుకున్నాడని రాశారు గానీ అడిగి తీసుకున్నాడో, అడగకుండా తీసుకున్నాడో రాయలేదు. దవడ పగిలిందని రాశారు, హెల్మెట్ మాట ఎక్కడా లేదు. 2019 సవరణతో చట్టంలో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే తండ్రినో, బండి యజమానినో దోషిగా పరిగణిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. బండి నడిపిన మైనరుకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. మీకు తెలియకుండా తీసుకెళ్లాడని, లేదా మీరు తగినంత జాగ్రత్త పడినా ఇలా జరిగిందని రుజువు చేస్తే బయటపడవచ్చు. అయితే మీ అనుమతితోనే నడిపాడని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని చూపవలసిన భారం మీదే. అన్ని ఇళ్లలోలాగే మీ ఇంట్లోనూ బండి తాళం చెవి తలుపు పక్కన మేకుకు వేలాడుతూ ఉండి, అబ్బాయి ఇదివరకు పాలకో ట్యూషన్‌కో ఆ బండి మీదే వెళ్లి వస్తూ ఉంటే, తెలియదన్న మాట నిలవడం కష్టం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ట్రాక్టర్ యజమాని తప్పు ఆ సాయంత్రానిది, మీ అబ్బాయి తప్పు ఆ ఒక్క నిమిషానిది. మీది మొదటిసారి తాళం చెవి చేతికిచ్చిన నాటిది. మిమ్మల్ని నొప్పించాలని ఈ మాట అనడం లేదు. నేనూ తండ్రినే.

బండి నడిపింది పెద్దవాడని ఇంట్లో ఇంకొకరి పేరు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా వస్తారు. వినకండి. అది తప్పుడు సాక్ష్యం అవుతుంది, పైగా నిజం తెలిసిన వెనక పిల్లవాడిని కూడా అబద్ధంలోకి లాగినట్టవుతుంది. ఆ పిల్లవాడి తప్పు ఏమీ లేదు కాబట్టి అతని పరిహారంలో కోత ఉండదు. తప్పు ఇద్దరిదైనప్పుడు బాధితుడు మొత్తం పరిహారాన్ని వాళ్లలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. మీ బండి ఇన్సూరెన్స్ పాలసీ తీసి చూడండి. అది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే బైకు వెనక కూర్చున్నవారికి అది వర్తించదు. అంతకన్నా పెద్ద పాలసీ అయినా, లైసెన్స్ లేనివాడు నడిపినందున కంపెనీ ముందు కట్టి ఆ తరువాత మీ దగ్గర వసూలు చేసుకొనే వీలుంది. మీ అబ్బాయి కూడా ట్రాక్టర్ వైపు నుంచి పరిహారం కోరవచ్చు. లైసెన్స్ లేనంత మాత్రాన ప్రమాదంలో తప్పు ఉన్నట్టు కాదని, నడపడంలో నిర్లక్ష్యం ఉందా లేదా అన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2008లో ఒక మైనరు కేసులోనే తేల్చింది. అయితే వేగం వల్ల అతని తప్పు ఎంతో, అంత తగ్గించే ఇస్తారు.

ఆ పిల్లవాడి తండ్రి మీ ముఖం చూడకపోయినా మీరే వాళ్లింటికి వెళ్లండి. ట్రాక్టర్ ఊసెత్తకుండా వెళ్లండి.

ప్రశ్న: ఎక్కడ ప్రమాదం జరిగినా కుర్రాళ్ల స్పీడే కారణమంటారు. పెద్దవాళ్లు రాంగ్ రూట్‌లో వస్తారు, రోడ్లు గుంతలు పడి ఉంటాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. ఇది న్యాయమేనా?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ కోపంలో సగానికి పైగా న్యాయం ఉందమ్మా. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 71.2 శాతానికి అతివేగమే కారణమని అందులో ఉంది. అయితే ఆ అంకె ఎలా వస్తుందో తెలుసుకోవాలి. ప్రమాదం జరిగాక చేరుకొనే పోలీసు అధికారి దగ్గర బండి ఎంత వేగంతో వచ్చిందో కొలిచే సాధనం సాధారణంగా ఉండదు. విరిగిన బండిని, రోడ్డు మీది గీతలను, చూసినవాళ్ల మాటలను బట్టి కారణం రాస్తారు. లైటు లేని ట్రాలీ, హెచ్చరిక బోర్డు లేని మలుపు, సున్నం గీత వెలిసిపోయి కనిపించని స్పీడ్ బ్రేకర్ కూడా చాలాసార్లు ఆ ఒక్క మాట కింద కలిసిపోతాయి. యూటర్న్ దూరమని నాలుగు వరుసల రోడ్డు మీద ఎదురొచ్చే పెద్దమనిషి వయసు నలభై అయినా యాభై అయినా, అతని చేతిలో చావగలిగేది సక్రమంగా వస్తున్న కుర్రవాడే. రోడ్డును ప్రమాణాల ప్రకారం కట్టక, నిర్వహించక ఎవరైనా చనిపోయినా, వైకల్యం పాలైనా సంబంధిత అధికారులకు, కాంట్రాక్టర్లకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చని మోటారు వాహనాల చట్టంలోని 198ఎ సెక్షన్ చెబుతోంది. గుంతలో పడి ఎవరికైనా అలా జరిగితే ఫిర్యాదులో ఆ సెక్షన్ పేరు రాయమని నేను అందరికీ చెబుతుంటాను.

అయినా మీ కోపంతో చివరిదాకా నడవలేను. 2022లో చనిపోయినవారిలో 66.5 శాతం మంది 18 నుంచి 45 ఏళ్లలోపువారు. హెల్మెట్ లేక పోయినవారు 50,029 మంది. గుంత, రాంగ్ రూట్ మనిషి, చీకటి ట్రాలీ ఉన్న రోడ్డు మీదే మీ తరం బళ్లు నడపాలి, ఆ రోడ్డు రేపటికల్లా బాగుపడదు. పై జవాబులోని లెక్క మరోసారి చూడండి: రోడ్డు చెడ్డదన్న ప్రతి కారణమూ వేగం తగ్గించడానికే కారణమవుతుంది. సుబేదారి నుంచి కాజీపేట దాకా వెనక సీట్లో కూర్చొని వెళ్లే మీ స్నేహితులకు కూడా నోరుంది. వెనకవాళ్లు ఈలలు వేస్తే ముందువాడు పెంచుతాడు, భుజం మీద తట్టి నెమ్మదిగా పొమ్మంటే తగ్గిస్తాడు.

ప్రశ్న: కొనుగోలు కేంద్రంలో చోటు లేక, తేమ ఉందని కాంటా పెట్టక, రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తున్నాం. ఎవరన్నా బండి మీద వచ్చి పడితే మాదీ తప్పేనా?
– ఒక రైతు, పరకాల

జవాబు: అవును, మీ పాలు ఉంటుంది. ఆరబోయడానికి వేరే చోటు లేకపోవడం మీ తప్పు కాదని నాకు తెలుసు. ప్రతి ఊరికీ చాలినన్ని కల్లాలు లేకపోవడం మనందరి అవమానం. అయినా దారికి అడ్డం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. మీ నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని తేలితే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. తప్పనిసరైతే మలుపులకు, కల్వర్టులకు దూరంగా, రోడ్డుకు ఒకే వైపు, తారు అంచు బయట ఆరబోయండి. పొద్దుగూకేలోపు కుప్ప చేసి పక్కకు లాగండి. రాత్రిపూట కుప్ప మీద నల్ల పట్టా ఒక్కటే కప్పితే అది రోడ్డులోనే కలిసిపోతుంది. దాని చుట్టూ రేడియం టేపు అతికించిన కర్రలు పాతండి. పగలు వడ్ల చుట్టూ వరుసగా పేర్చిన రాళ్లను వడ్లు ఎత్తాక అక్కడే వదిలేస్తుంటారు. ఆ రాళ్లను పొద్దున పెట్టేటప్పుడే లెక్కపెట్టుకొని, సాయంత్రం అన్నీ తీసేయండి.