కంప్యూటర్ సందేహాలు: పెన్‌డ్రైవ్‌లో డాస్

ప్రశ్న: మా షాపు లెక్కలు ఇప్పటికీ క్లిప్పర్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాయించుకున్న పాత డాస్ ప్రోగ్రాంలోనే ఉన్నాయి. కొత్త 64 బిట్ విండోస్‌లో అది తెరుచుకోవడం లేదు. పెన్‌డ్రైవ్‌లో డాస్ వేసుకుని నడుపుకోవచ్చంటున్నారు, నిజమేనా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమే. డాస్ అంటే విండోస్ కంటే ముందు కంప్యూటర్లను నడిపిన వ్యవస్థ. మీది దాని కోసం రాసిన 16 బిట్ ప్రోగ్రాం. 64 బిట్ విండోస్ అలాంటివాటిని అసలు ముట్టుకోదు కాబట్టి కంపాటిబిలిటీ సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు. మైక్రోసాఫ్ట్ వారి ఎంఎస్-డాస్ కోసం వెతుక్కోకండి, ఫ్రీడాస్ తీసుకోండి. ఎంఎస్-డాస్‌కు మైక్రోసాఫ్ట్ మంగళం పాడబోతోందని తెలిసి 1994లో జిమ్ హాల్ మొదలుపెట్టిన ఉచిత డాస్ ఇది. ఇంకా బతికే ఉంది, 1.4 వెర్షన్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది.

విండోస్‌లో రూఫస్ అనే చిన్న ప్రోగ్రాం దించుకోండి. ఫ్రీడాస్ దాని కడుపులోనే ఉంటుంది, వేరే ఫైలు అక్కర్లేదు. డ్రాయరులో పడి ఉన్న 4 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి కావలసినవి ముందే కాపీ చేసుకోండి, మిగతా పెన్‌డ్రైవ్‌లన్నీ పీకేయండి. రూఫస్ తెరిచి డివైస్ దగ్గర పేరు, సైజు సరిచూసుకోండి. బూట్ సెలెక్షన్‌లో ఫ్రీడాస్ ఎంచుకోండి. పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్, ఫైల్ సిస్టం ఫ్యాట్32 అని ఉండాలి. స్టార్ట్ నొక్కాక పెద్దగా ఆగక్కర్లేదు.

ఇప్పుడు విండోస్‌లోనే మీ ప్రోగ్రాం ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఫోల్డరు పేరు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. లెక్కల ప్రోగ్రాములు ఒకేసారి బోలెడు ఫైళ్లు తెరుస్తాయి. పెన్‌డ్రైవ్‌లో ఎఫ్‌డీకాన్ఫిగ్ డాట్ సిస్ (FDCONFIG.SYS) అనే ఫైలు ఉంటే దానిలో, లేకపోతే నోట్‌ప్యాడ్‌తో కాన్ఫిగ్ డాట్ సిస్ (CONFIG.SYS) తయారుచేసి దానిలో, ఫైల్స్ ఈక్వల్స్ 40 (FILES=40) అని ఒక లైను పెట్టండి. ఇది మరిచిపోతే మొదటి బిల్లు కొట్టేలోపే ఫైళ్లు తెరవలేనని ప్రోగ్రాం చేతులెత్తేస్తుంది.

కంప్యూటర్ ఆన్ చేస్తూ బూట్ మెనూ మీట (చాలావాటిలో ఎఫ్12, కొన్నిటిలో ఎఫ్9) నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. నల్లటి తెర మీద సీ ప్రాంప్ట్ వస్తుంది. ఆ సీ మీ హార్డ్ డిస్క్ కాదు, పెన్‌డ్రైవే. డాస్‌కు యూఎస్‌బీ అంటే ఏమిటో తెలియదు. ఇదొక హార్డ్ డిస్క్ అని బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాం) చెబితే నమ్మేస్తుంది. కంప్యూటర్ లోపలి డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టంలో ఉంటే డాస్‌కు కనిపించనే కనిపించదు. బూటయ్యాక రెండో పెన్‌డ్రైవ్ గుచ్చినా అంతే. ప్రోగ్రాం నడుస్తుండగా మొదటిదాన్ని మాత్రం కదిలించకండి. రాస్తున్న డీబీఎఫ్ ఫైలో (మీ లెక్కలుండే ఫైలు), దాని ఇండెక్సో చెడిపోతుంది.

రోజూ అమ్మకాల లెక్కకు మాత్రం పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోమని చెప్పలేం. పాత లెక్కలు బయటికి తీయడానికి ఇది బాగుంటుంది. రోజువారీ పనికి విండోస్‌లోనే డాస్ ప్రోగ్రాములను నడిపించే వీడాస్‌ప్లస్ గానీ డాస్‌బాక్స్-ఎక్స్ గానీ పెట్టుకోండి.

ప్రశ్న: రూఫస్ పని పూర్తయిందని చెప్పింది. కానీ ల్యాప్‌టాప్ బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ కనిపించదు, నేరుగా విండోస్ వచ్చేస్తోంది. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పెన్‌డ్రైవ్‌ది తప్పు కాదు. ఫ్రీడాస్ పాతకాలపు బయోస్ మీదే ఆధారపడుతుంది, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐతో బూట్ కాదు. కంప్యూటర్ ఆన్ చేస్తూ తెరిచే సెటప్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపి, పాత బయోస్‌లా నడిపించే సీఎస్ఎం లేదా లెగసీ బూట్ ఆన్ చేయాలి. దానికి ముందు ఒక పని: డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. సెక్యూర్ బూట్ మారిస్తే తర్వాత విండోస్ ఆ 48 అంకెలు అడగవచ్చు, అప్పుడు వెతుక్కుంటే దొరకదు. లెగసీ పెట్టాక విండోస్ రాకపోయినా కంగారుపడకండి, సెట్టింగులు వెనక్కి మారిస్తే వస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో సీఎస్ఎం తీసేశారు. సెటప్‌లో ఆ పేరే లేకపోతే విండోస్‌లోనే వీడాస్‌ప్లస్ గానీ డాస్‌బాక్స్-ఎక్స్ గానీ వాడుకోవాలి.

ప్రశ్న: మిత్రుడి ఫ్రీడాస్ పెన్‌డ్రైవ్ నుంచి కెర్నల్ డాట్ సిస్, కమాండ్ డాట్ కామ్‌తో సహా ఫైళ్లన్నీ కాపీ చేసుకున్నా నాది బూట్ కావడం లేదు. ఎందుకని?

జవాబు: కాపీ పేస్టు చేరలేని చోటు ఒకటుంది. డిస్క్ మొట్టమొదటి సెక్టారు, మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడు, 64 బైట్లు పార్టిషన్ పట్టిక, చివరి రెండు బైట్లు ఇది బూట్ సెక్టారేనని చెప్పే గుర్తు. పార్టిషన్ మొదట్లో మరో బూట్ సెక్టారు ఉంటుంది, కెర్నల్‌ను వెతికి లేపేది అదే. ఇవేవీ ఫైళ్లు కావు. రూఫస్‌తో మళ్లీ చేసుకోండి.

ప్రశ్న: ఫ్రీడాస్ బూటయింది. టర్బో పాస్కల్‌లో రాసిన మా ప్రోగ్రాం మాత్రం రన్‌టైమ్ ఎర్రర్ 200 చూపించి ఆగిపోతోంది. – ఒక పాఠకుడు, హోసూరు

జవాబు: మీ కంప్యూటర్ మరీ వేగంగా ఉండటమే రోగం. టర్బో పాస్కల్‌లో తెర, మీటల పని చూసే సీఆర్‌టీ యూనిట్ మొదలవుతూనే, గడియారం ఒక్క టిక్కు కొట్టే 55 మిల్లీసెకన్లలో ఖాళీ లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్ని 55తో భాగిస్తుంది. జవాబు 16 బిట్లలో, అంటే 65,535 లోపు ఉండాలి. లూపు 36 లక్షల చుట్లు దాటిందంటే అందులో పట్టదు, భాగహారం దగ్గరే ప్రోగ్రాం కూలబడుతుంది. 1990ల చివర్లో పెంటియం-2 యంత్రాలతోనే ఈ గోల మొదలైంది. ఈఎక్స్ఈ ఫైలును సరిచేసే ప్యాచ్ ప్రోగ్రాములు దొరుకుతాయి. అసలు ఫైలుకు కాపీ ఉంచుకుని వాడండి. సోర్సు మీ దగ్గరుంటే సరిచేసిన సీఆర్‌టీ యూనిట్‌తో మళ్లీ కంపైల్ చేయడమే మేలు. క్లిప్పర్ ప్రోగ్రాముల్లో ఇదే జబ్బు ఆర్6003 అనే పేరుతో వస్తుంది.

ప్రశ్న: డాస్ నుంచి యూఎస్‌బీ ప్రింటర్‌కు ప్రింట్ వెళ్తుందా?

జవాబు: వెళ్లదు. మదర్‌బోర్డు మీద ప్యారలల్ పోర్టు ఉండి, దానికి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తగిలిస్తే ఎల్‌పీటీ1గా (ఆ పోర్టుకు డాస్ పెట్టిన పేరు) పనిచేస్తుంది. యూఎస్‌బీ ప్రింటరే ఉంటే వీడాస్‌ప్లస్ వాడండి. అది ఎల్‌పీటీకి పంపినదాన్ని విండోస్ ప్రింటరుకు మళ్లిస్తుంది.